చెఫ్ చెంచా పెట్టాక

నక్షత్రం పోయిన రోజు ఉదయం మదామ్ షపూయి నేరుగా వంటగదిలోకి వచ్చింది. ఫ్రాన్సులోని లియోన్‌లో ఆ రెస్టారెంటుకు భోజన గైడు వాళ్లు ఇచ్చిన నక్షత్రం ఇరవై రెండేళ్లు నిలిచింది. యజమానురాలు పొయ్యిల దాకా రావడం అంతకుముందు ఎవరూ చూడలేదు.

"నవంబరులో మన సాసులు చప్పగా ఉన్నాయట," అంది చేతిలోని గైడు వాళ్ల ఉత్తరం చూస్తూ. "ఎవరి చేతి చలవ ఇది?"

పెద్ద చెఫ్ రెవొల్ తన చెంచాను తువ్వాలుతో తుడుస్తూనే ఉన్నాడు.

"కొత్త చెఫ్‌ను చూసుకోమని నలుగురూ అంటున్నారు. రెవొల్ గారి నాలుక ఉండగా నాకేం భయమని చెబుతూ వచ్చాను."

కేకుల బల్ల దగ్గరున్న తిబో గొంతు సవరించుకున్నాడు. "చెప్పకూడదు గానీ మదామ్, చెఫ్ రుచి చూశాక సొలెన్ సాసులో ఏదో కలుపుతుంది. నిమ్మరసమో, ఉప్పో. రోజూ చూస్తున్నాను."

"నీ కేకులు ఎందుకు పొంగవో ఇప్పుడు తెలిసింది," అంది సాసుల పొయ్యి దగ్గరున్న సొలెన్. "కళ్లన్నీ నా పొయ్యి మీదే."

ఎవరో నవ్వబోయి ఆగిపోయారు. చెఫ్ చెంచా పెట్టిన గిన్నెను ఆ తర్వాత ఎవరూ ముట్టుకోరు. ముట్టుకుంటే ఆయన నాలుకను కాదన్నట్టే.

"నిజమేనా?" అంది మదామ్.

సొలెన్ చెఫ్ వైపు చూసింది. "నిజమే మదామ్."

"చెఫ్, ఇది మీకు తెలుసా?"

రెవొల్ తుడవడం ఆపాడు. చెవులు ఎర్రబడ్డాయి. "తెలియదు," అన్నాడు.

"అయితే ఈ అమ్మాయికి ఇక్కడ పని లేదు."

సొలెన్ ఏప్రన్ విప్పి, నాలుగు మడతలు పెట్టి బల్ల మీద ఉంచింది. తలుపు దగ్గర ఆగి, "ఇవాళ వచ్చిన వెన్నలో ఉప్పు లేదు చెఫ్," అంది.

ఆయన తల ఎత్తలేదు.

మధ్యాహ్నం మొదటి ఆర్డరు చేప, దాని మీదికి వెన్న సాసు. రెవొల్ చెంచా ముంచి నాలుక మీద వేసుకున్నాడు. "బాగుంది," అని ఎప్పటిలాగే కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. కింద సోన్ నదిలో ఒక పడవ మెల్లగా పోతోంది. అది వంతెన దాటేదాకా చూసి వెనక్కి తిరిగాడు. గిన్నె పెట్టిన చోటే ఉంది. పక్కన నిమ్మచెక్క కోసింది కోసినట్టే ఉంది.

"పంపమంటారా చెఫ్?" అడిగాడు తిబో.

"పంపు."

మూడేళ్ల కిందటి జ్వరంతో ఆయన నాలుకకు ఉప్పూ పులుపూ తెలియకుండా పోయాయి. రోజూ అలా కిటికీ వైపు తిరిగింది సొలెన్ ఆ గిన్నెను సరిచేయడానికే. తండ్రి పోయి ఆమె రాని నవంబరు రెండు వారాలూ ఆయన అలాగే తిరిగి నిలబడ్డాడు. ఈ మాట ఇంకా మదామ్‌కు చెప్పలేదు.