గోడమీద గాజుపట్టీ

గాజు పగల్లేదు.

ఇంజనీరు భూతద్దంతో మరోసారి చూశాడు. తూర్పుగదిలో పైకప్పు నుంచి కిటికీ దాకా దిగిన పగులుకు అడ్డంగా ఆ పట్టీని ఎనిమిది నెలల క్రితం సిమెంటుతో అతికించింది ఆయనే. తేదీ తన నోటుపుస్తకంలో రాసుకుని, మిగిలిన గాజుపట్టీలు, సిమెంటు స్టోరుగదిలో పెట్టించి వెళ్లాడు. పగులు వెంట్రుకవాసి పెరిగినా గాజు విరుగుతుంది. విరిగితే ఈ బడికి కొత్త భవనం. లేకపోతే నిధులు, గోడలు బీటలిచ్చిన మిల్లువీధి బడికి. ఏడాదికి ఒక్క భవనమేనని ప్రణాళికా సంఘం తీర్మానం.

ప్రధానోపాధ్యాయురాలు తలుపు వైపు చెయ్యి చూపింది.

"తలుపు పడటం లేదు సార్. ఇదివరకు వేలితో తోస్తే పడేది. ఇప్పుడు ఇద్దరం నెట్టాలి."

"వానలకి చెక్క ఉబ్బుతుందమ్మా."

"సున్నం పెచ్చులు రాలుతున్నాయి."

"పాత గోడ రాలక ఏం చేస్తుంది?" సంఘం అధ్యక్షుడు నవ్వాడు. "మీకేమో భయం ఎక్కువ, మాకేమో నిధులు తక్కువ. ఎలా కుదురుతుంది చెప్పండి!"

ఆమె నవ్వలేదు. గుమ్మం దగ్గర నిల్చున్న ఆయా కూడా నవ్వలేదు. మేస్త్రీ ఇంట పుట్టిన మనిషి. ఊడిన గచ్చునైనా, కుంటి బల్లనైనా ఎవరూ చెప్పకుండానే బాగుచేసేస్తుంది. పట్టీ అతికించిన రోజున ఆ గది తాళంచెవి ఆయాకు ఇస్తూ, "ఈ గాజుకేమైనా అయితే నిన్నే అడుగుతాను" అని ప్రధానోపాధ్యాయురాలు గట్టిగా చెప్పింది. పిల్లల బంతి తగిలి పగిలితే లెక్క తప్పుతుందని ఆమె భయం.

నెల రోజులుగా నలభై ముగ్గురు పిల్లలకు వరండాలోనే పాఠాలు. గోడ కదులుతోందని ఆమె మనసు ఘోషిస్తూనే ఉంది. నిన్న సాయంత్రం ఒంటరిగా వచ్చి, చెక్క డస్టరు ఎత్తి, గాజుకు జానెడు దూరంలో ఆపింది. ఒక్క దెబ్బ చాలు. కానీ ఆ దెబ్బతో నిధులు ఇటు వచ్చి, మిల్లువీధి గోడ కూలితే? చెయ్యి దించేసింది.

"మీ పరీక్షలో పొరపాటేమైనా..."

"మనుషులు పొరబడతారు గానీ, గాజు పొరబడదమ్మా."

"నిన్న పెట్టినట్టే ఉందయ్యా!" అంటూ అధ్యక్షుడు కాగితంమీద సంతకం గీశాడు. "పిల్లల్ని లోపలికి పంపండి. వాళ్లకెందుకు వరండా శిక్ష?"

జీపు కదిలిపోయింది.

నిధులు చేజారాయి. అయినా ఆమెకు గుండెబరువు కాస్త దిగినట్టే అనిపించింది. గోడ నిలిచే ఉంది, పిరికితనం తనది. గంట కొట్టించింది. నలభై ముగ్గురూ బల్లలు ఈడ్చుకుంటూ తూర్పుగదిలోకి చేరారు. చివర వచ్చిన పిల్ల భుజంతో తలుపును నెట్టింది. గోడంతా అదిరింది.

తడిగుడ్డతో గాజు తుడుస్తున్న ఆయా ప్రధానోపాధ్యాయురాలి దగ్గరకు వచ్చి, గొంతు తగ్గించి, మెప్పుకోసం చూసే కళ్లతో అంది:

"మీరు కోప్పడతారని చెప్పలేదు గానీ అమ్మగారూ, పగిలినప్పుడల్లా మీరు బడికొచ్చేలోపే కొత్తది అతికించేశాను, ఇది అయిదోది!"