సుమోకు వెడల్పాటి చక్రాలు

“బోల్టులు సరిపోయినాయి. నడిమి బొక్క సరిపోయింది. ఇంగ వెడల్పు చూడాల,” అంటూ టైర్ల షాపు సామ్యూలు సుమో ముందు చక్రం పక్కన గొంతుక్కూర్చున్నాడు.

వనజమ్మకు ఒళ్లు మండిపోతోంది. పిల్లలకు బట్టలు కొనిస్తానని ప్రొద్దుటూరికి తీసుకొచ్చి, మొగుడు చిన్నన్న ఈ కొత్త చక్రాల ముందర పాతుకుపోయాడు. వెంట యథాప్రకారం ఏడుగురు మనుషులు. మామగారు పోయినప్పటి నుంచి ఆ ఏడుగురూ ఎక్కనిదే సుమో వాకిలి దాటదు. జమ్మలమడుగులో పోలింగు నాడు జరిగిన కొట్లాటకు బదులు తీర్చుకోవాలని రేపు పులివెందుల దారిలో కాపు కాయబోతున్నారు. పోవద్దని ఆమె మొగుణ్ణి వారం నుంచి బతిమాలుతూనే ఉంది. “నాయన మనుషులు. రానంటే ఏం బాగుంటాది?” అంటాడే తప్ప చిన్నన్న ఇంకో మాట అనడు.

చావుకు ఎదురుపోతూ ఈ సోకులొకటి! ఆమెకు ఏడుపొచ్చింది.

“స్టీరింగు పూరా తిప్పన్నా,” అన్నాడు సామ్యూలు. చిన్నన్న రెండువైపులా తిప్పాడు. ఎక్కడా తగల్లేదు. భార్యాపిల్లల్ని ఎక్కించుకుని గుంతల రోడ్డులో ఒక చుట్టు తిరిగొచ్చాడు. చప్పుడే లేదు.

“ఇప్పుడు మీరెక్కండప్పా.”

ఈ సీమలో బండి ఒంటరిగా తిరగదు కాబట్టి, మనుషుల్ని నింపి చూడనిదే సామ్యూలు ఏ చక్రానికీ సరే అనడు. ఏడుగురూ ఎక్కారు. సుమో కుంగింది. మలుపు తిప్పగానే బర్రుమంది.

“టైరు మడ్‌గార్డు రేకుకు ఒరుసుకుంటాంది. ఇట్లే పోతే పులివెందుల చేరకముందే చీలిపోతాది,” అన్నాడు సామ్యూలు.

“దానికేంది? సుత్తితో నాలుగు దెబ్బలేసి అంచు మడిస్తే పాయె!” అన్నాడు ఏడుగురిలో పెద్దవాడు యల్లయ్య.

అంటే రేపటి ప్రయాణం ఆగదన్నమాట, అనుకుంది వనజమ్మ.

“నాయన బండి మీద సుత్తి పడిందంటే ఊరుకోను,” అన్నాడు చిన్నన్న.

“అయితే పాత చక్రాలే బిగించు,” అన్నాడు యల్లయ్య సామ్యూలుతో.

“పొద్దున్నే చాపాడు ఊరాయనకు ఇచ్చేస్తి గదప్పా. వేరేవి రావాలంటే రెండు దినాలు పడతాదంట,” అన్నాడు చిన్నన్న.

యల్లయ్య తల పట్టుకున్నాడు. “శానా గొప్ప పని చేసినావు! ఉండేది ఒక్క బండి. రేపు బస్సులో పోదుమా కాపు కాసేదానికి?”

ఏడుగురూ గొణుక్కుంటూ బస్టాండు దారి పట్టారు. చిన్నన్న తలొంచుకుని, పిల్లల చేతులు పట్టుకుని ఎదురుగా బట్టల షాపులోకి నడిచాడు.

ఎన్నాళ్లకో వనజమ్మ మనసు తేలికపడింది. ఆయన తెలివితక్కువతనానికి మొదటిసారి దండం పెట్టుకోవాలనిపించింది.

“మా ఆయనకు కొలతలు తెలిసుంటే నా గతేమయ్యుండేదో, అప్పా!” అని నవ్వేసింది.

సామ్యూలు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

“నిండా మనుషులెక్కితే తగిలే సైజే కావాలని అడిగి తెప్పిచ్చుకున్నాడమ్మా.”