గాల్లో ఆగిన చెయ్యి

వీబ్కె చెయ్యి భుజమ్మీద ఆనీ ఆనకముందే ఆ పెద్దావిడ "ఆగండి" అంది.

వీబ్కె చెయ్యి తీసి, ఆవిడకి కనబడేలా గాల్లో నిలిపింది.

కాసేపయ్యాక ఆవిడే "ఊఁ, కానివ్వండి" అంది. మళ్ళీ ఆనిందో లేదో, "ఆగండి."

ఆ పూటంతా అదే వరస. భుజం దాటి జానెడు ముందుకు సాగితే ఒట్టు.

బ్రెమెన్‌లో, ట్రాములు గంట కొట్టుకుంటూ పోయే వీధిలో, మేడమీది గది అది. వయసొచ్చి ఏళ్ళు గడిచినా తమ ఒళ్ళు తమకే అంతుబట్టని పెద్దవాళ్ళు వీబ్కె దగ్గరికి నేర్చుకోడానికి వస్తారు. నోటితో చెప్పి ఊరుకునే చదువు కాదది, చేత్తో తాకి నేర్పే చదువు. అందుకే పట్టింపులెక్కువ. పంతులమ్మ ఒంటిమీద గుడ్డ కదలకూడదు. ఆమెను ఎవరూ తాకకూడదు. ఎక్కడిదాకా తాకాలో ముందే కూర్చుని మాట్లాడుకోవాలి. మధ్యలో ఆ మాట తగ్గించుకోవచ్చు గానీ పెంచుకోకూడదు.

ఇక "ఆగండి" అన్నారంటే చెయ్యి గాల్లోకి లేవాల్సిందే. అలా లేపడానికి, వీబ్కె ఈ విద్య నేర్చుకున్న బళ్ళో ఒక పేరుంది. గెర్లిండె.

ఆ పేరెక్కణ్ణించి వచ్చిందంటే ఒక్కొక్కరిదీ ఒక్కో కోత. మొదటి గురువు పెంచిన మేక పేరని కొందరు. అది నడిరోడ్డు మీద ఆగిందంటే మేయరుగారొచ్చి గడ్డం పట్టుకున్నా అడుగెయ్యదట. కాదు, ఆయన అత్తగారి పేరని ఇంకొందరు. ఆవిడ గుమ్మంలో కాలు పెడితే గోడగడియారం కూడా ఆగేదట.

వీబ్కె ఓటు మేకకే.

వచ్చినావిడ ఆలర్స్ అని ఇంటిపేరు మాత్రం చెప్పింది. డెబ్భై దాటిన మనిషి. హిన్నెర్క్ అనే పాత సరంగు ఆవిణ్ణి పెళ్ళాడతానంటున్నాడు. ఆవిడకీ ఇష్టమే. కానీ అతను నడుమ్మీద చెయ్యేస్తే చాలు, ఒళ్ళు కొయ్యబారిపోతోంది. ఇది మారకపోతే వద్దని చెప్పేస్తానంది. మంచిమనిషి పక్కన కొయ్యదుంగలా పడుకోలేనంది.

రెండోసారి వస్తూ వెన్న కేకు తెచ్చింది.

"పెద్దదాన్ని గనక నేనే అనాలి. ఈ 'మీరు' వదిలేసి 'నువ్వు' అనుకుందామా? నా పేరు..."

వీబ్కె అడ్డం పడింది. "పని అయ్యేదాకా 'మీరు'తోనే సరిపెట్టుకుందాం. పేరూ అప్పుడే, కేకూ అప్పుడే."

"కేకు ఎండిపోతుంది పంతులమ్మగారూ."

"మీరు తినండి. నేను చూస్తాను."

ఆ దేశంలో పెద్దావిడ చనువుగా ఇచ్చిన 'నువ్వు'ని తిప్పి కొట్టడమంటే మాటలు కాదు. ఆలర్స్ మాత్రం కోపమూ చూపలేదు, నవ్వూ చూపలేదు. కూర్చుని కేకు తినేసి, మళ్ళీ మొదలుపెట్టింది. "ఆగండి. ఆగండి."

వీబ్కెకి అనుమానం పట్టుకుంది. ఈవిడ నా మీద మా పంతుళ్ళ సంఘానికి ఫిర్యాదు చెయ్యడానికే వచ్చిందా? గుమ్మానికి కొత్తగా కట్టిన బోర్డు, ఒక్క ఫిర్యాదుకి దిగిపోతుంది. లోపల ఎంత విసుగున్నా చెయ్యి మాత్రం మాట జవదాటలేదు.

ఒకరోజు చెయ్యి భుజం దాటింది. వీపు మీదికి వచ్చింది. ఆలర్స్ కళ్ళు మూసుకుంది. "ఆగండి" రాలేదు. ఊపిరి పొడుగ్గా సాగింది.

"నడుం దాకా రండి" అంది మెల్లిగా.

చెయ్యి గాల్లోకి లేచింది.

ఆవిడ కళ్ళు తెరిచింది. "నేను ఆగమన్లేదే."

"ఇవాళ్టి మాట వీపు దాకానే. నడుం సంగతి వచ్చేవారం మాట్లాడుకుందాం."

"వచ్చేవారానికి ఉంటానో పోతానో."

"ఉంటారు. మీరు కేకు తినడం చూశాగా."

ఆలర్స్ పగలబడి నవ్వింది. ఆ నవ్వు ఆగాక చెప్పుకొచ్చింది. వయసులో ఉండగా ఇలాంటి గదిలోనే ఆగండి అందట. అందరూ మొదట్లో అలాగే అంటారమ్మా అన్నాడట ఆ గురువు. పక్కనున్న కిటికీ తోసి వీధిలోకి అరిచిందట. వీధిలో ట్రాము ఆగింది గానీ వాడి చెయ్యి ఆగలేదు. ట్రాము జనం మెట్లెక్కి వచ్చాకే ఆగింది. మర్నాడు ఆడవాళ్ళంతా చేరి ఆ బడికి తాళం వేయించారు. ఆగమంటే చెయ్యి గాల్లోకి లేవాలంటూ కొత్త కట్టుబాట్లు పెట్టుకున్నాకే తెరవనిచ్చారు.

"కాదంటే ఆగే చెయ్యిని చూద్దామని వచ్చాను పంతులమ్మగారూ. అవునన్నా ఆగే చెయ్యి ఉంటుందనుకోలేదు."

ఆ పై వారం నడుం దాకా వచ్చినా ఒళ్ళు కొయ్యబారలేదు. చెట్లు చిగురేసే వేళకి పని పూర్తయింది. ఆవిడ కేకు పెట్టె బల్లమీద పెట్టి మెట్లు దిగింది.

వీబ్కె కిటికీ దగ్గరికొచ్చింది.

కింద ట్రాము స్టాపులో హిన్నెర్క్ నిలబడి ఉన్నాడు. ఆలర్స్ నడుమ్మీద చెయ్యేశాడు. ఆవిడేదో అంది. సరంగు చెయ్యి టక్కున గాల్లోకి లేచింది. ఆవిడ ఆ చేతిని తీరిగ్గా చూసుకుంది. తర్వాత తనే పట్టుకుని నడుమ్మీద వేసుకుంది.

ట్రాము ఎక్కారు. కదిలింది. కిటికీలోంచి తల బయటపెట్టి, వీధంతా వినబడేలా కేకేసింది ఆవిడ.

"పని అయిపోయిందిగా, ఇంక 'నువ్వే'! నా పేరు గెర్లిండె!"

వీడ్కోలుకి లేచిన వీబ్కె చెయ్యి అలాగే గాల్లో ఆగిపోయింది; మేకా కాదు, అత్తగారూ కాదు, తన చేతికి ఆగడం నేర్పిన మనిషి గంట కొట్టుకుంటూ పోయే ఆ ట్రాములో మలుపు తిరిగిపోయింది.