బోర్లా అరగంట, వెల్లకిలా ఇరవై నిమిషాలు

తెల్లవారేసరికి మిరుదొడ్డి మీద మబ్బు కమ్మింది. ఉరుముతోంది కానీ చినుకు పడటం లేదు.

పెరట్లో కొమురవ్వ కోడి మెడ కోసింది. రెక్కలు కొట్టుకోవడం ఆగేదాకా కాలి కింద తొక్కి పట్టింది. ఎప్పుడూ ఆ పని చేసే మొగుడు బుచ్చయ్య ఇవాళ కోడిని ముట్టలేదు. గడప దగ్గర కూర్చుని గొడ్డలి నూరుతున్నాడు.

వాళ్ల కొడుకు స్వామిని నరికినవాడు ఇవాళ జైలు నుంచి వస్తున్నాడు.

ఏడేండ్ల కిందటి మాట. స్వామి మస్కట్ నుంచి సెలవు మీద వస్తూ ఎయిర్ ఫ్రయర్ తెచ్చాడు, నూనె లేకుండా వేడిగాలితో కాల్చే కరెంటు పెట్టె. కోడిని ముక్కలు కొట్టకుండా నిండుగా అందులో పెట్టాడు. "అవ్వా, బోర్లా అరగంట, వెల్లకిలా ఇరవై నిమిషాలు. అంతే" అన్నాడు. ఆ అరగంట నిండకముందే వాకిట్లో బోరు నీళ్ల వంతు గురించి మాటామాటా పెరిగింది. మెడ మీద ఒకటే దెబ్బ. స్వామి బోర్లా పడ్డాడు. వెల్లకిలా తిప్పింది కొమురవ్వే.

లోపల పెట్టె టింగుమంది. ఆ కోడిని ఎవరూ తినలేదు.

కళ్లారా చూసింది ఆమె ఒక్కతే. కోర్టులో వేలు చూపించి "వీడే" అంది. ఆ తర్వాత ఆ ఇంట్లో వాడి పేరు ఎవరూ ఎత్తలేదు. పాత చీరలో చుట్టి అటకెక్కించిన పెట్టెను ఈ పొద్దునే కొమురవ్వ దించింది.

పక్కింటి జోహ్రా గోడ మీది నుంచి తొంగి చూసింది.

"కొమురక్కా, మా ఆయన ఫోన్ జేసిండు. వాడు సిద్దిపేట బస్టాండ్ల కనవడ్డడంట. 'ముందుగల ఆమె దగ్గర్కే పోత' అన్నడంట. సాక్ష్యం జెప్పింది నువ్వు. ఇయ్యాల మా ఇంట్ల ఉండరాదు?"

"కోడి పని ఉన్నది. ఎట్లొస్త?"

"కోడి ఎవలికి?"

"వచ్చెటోనికి."

జోహ్రా గొంతు తగ్గించింది. "మందు గిట్ల కలుపుతున్నవా ఏంది?"

కొమురవ్వ కోడిని ముందుకు లాక్కుంది. ఈకలు పీకి, మంట మీద కాల్చి, పసుపు రుద్దింది. రొమ్ము మీద కత్తితో లోతుగా గాట్లు పెట్టి, కారం వేళ్లతో లోపలికి కుక్కింది. కాళ్లు పెట్టెలో పట్టలేదు. కీళ్ల దగ్గర పటుక్కున విరిచి, దారంతో కట్టి, అదిమింది.

బోర్లా అరగంట.

"నా కొడుకును మింగినోనికి నా ఇంట్ల కోడా? సిగ్గుండాలె" అన్నాడు బుచ్చయ్య.

"నీ గొడ్డలి పదును నువ్వు జూస్కో. నా పని నన్ను జేస్కోనియ్యి."

కోడిని వెల్లకిలా తిప్పింది. తోలు చిట్లి కొవ్వు చిటపటలాడుతోంది.

అప్పుడు వాడు వాకిట్లోకి వచ్చాడు. ముసలి కుక్క తలెత్తి చూసింది, మొరగలేదు. వాడు నేరుగా పెరట్లోని నీళ్ల తొట్టి దగ్గరికి పోయి కాళ్లు కడుక్కున్నాడు. వచ్చి గడప ముందు నిలబడ్డాడు.

బుచ్చయ్య లేచి గొడ్డలి ఎత్తాడు.

వాడు పారిపోలేదు. మెడ వంచాడు.

కొమురవ్వ కోడిని పళ్లెంలో పట్టుకుని ఇద్దరి మధ్యకు వచ్చింది.

"నరికేదుంటె తిన్నంక నరుకు."

గొడ్డలి గాలిలోనే ఆగింది. చాలాసేపటికి కిందికి దిగింది.

"తిన్నంక నరుకుత" అన్నాడు బుచ్చయ్య.

ముగ్గురూ నేల మీద కూర్చున్నారు. కొమురవ్వ చేత్తోనే కోడి తొడ చీల్చింది. మొదటి తునక తన నోట్లో వేసుకుంది. మిగతాది వాడి కంచంలో పెట్టింది. బుచ్చయ్య మోకాలి మీద గొడ్డలి ఆనించుకునే ముద్ద కలిపాడు. నమిలే చప్పుడు తప్ప ఇంట్లో ఇంకేమీ లేదు.

స్వామి పోయాక, కొమురవ్వ కడుపున పుట్టినవాళ్లలో మిగిలింది వాడొక్కడే.