ఎర్ర డబ్బాలో గాలి

తలుపు తట్టిన చప్పుడైంది.

నోరీన్ తీసి చూసింది. గోధుమరంగు టోపీ పెట్టుకున్న ముసలాయన. చేతిలో సైకిల్ పంపు.

"అమ్మా, మీ గోడలోంచి వీధిలోకొచ్చే రాగి గొట్టం కారుతోంది."

"తెలుసు."

"బాయిలర్ ముల్లు వేడెక్కితే మూడు దాకా పోయి, చల్లారితే సున్నాకి పడిపోతోందా?"

నోరీన్ ఉలిక్కిపడింది. నెలన్నర నుంచి జరుగుతున్నది అదే. పొద్దున లేచేసరికి నీటి ఒత్తిడి చూపే ముల్లు సున్నా మీద, గదుల్ని వెచ్చబరిచే రేడియేటర్లు చల్లగా. కింద కుళాయి తిప్పి నీళ్లు నింపితే ఆ పూటకి గడుస్తుంది. భర్త క్లిఫర్డ్ ఆస్పత్రిలో ఉన్న మూడు వారాలూ ఆవిడ రోజూ నీళ్లు నింపాకే బస్సెక్కేది.

"నీకెలా తెలుసు?"

"గొట్టాన్ని చూస్తే తెలుస్తుందమ్మా. లోపల ఎర్ర డబ్బా ఒకటుంటుంది. అందులో గాలి పోయింది. అరగంట పని."

"తలుపు మీద రాసింది చదవలేదా?"

'అమ్మేవాళ్లు తట్టరాదు' అని తలుపు మీద స్టిక్కరుంది. ఇంగ్లండ్‌లోని ఈ రోచ్‌డేల్‌లో ముసలివాళ్లున్న ఇళ్లకి చాలావాటికి ఉంటుంది. మీ పెంకు జారింది, మీ పొగగొట్టం వాలింది అంటూ వచ్చి దోచుకుపోయేవాళ్లు చలికాలంలో మరీ ఎక్కువ.

"నేనేమీ అమ్మడం లేదమ్మా."

"మొదట అందరూ అదే అంటారు," అని నోరీన్ తలుపు వేసేసింది.

వేసి ఊరుకోలేదు. వీధివాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టింది: 'గోధుమరంగు టోపీ, సైకిల్ పంపు. తలుపులు తీయకండి.' పదకొండు మంది బొటనవేలు ఎత్తారు.

మర్నాడు మళ్లీ వచ్చాడు. ఆవిడ తలుపు తీయలేదు. కర్టెన్ సందులోంచి చూస్తే గొట్టం కింద పేరుకున్న మంచు కరిగేలా ఉప్పు చల్లుతున్నాడు.

"మంచివాడిలా నటిస్తున్నాడు," అంది క్లిఫర్డ్‌తో.

"నటనైనా బాగానే చేస్తున్నాడు," అన్నాడు క్లిఫర్డ్, దుప్పటిలోంచి.

అతనికి ఊపిరితిత్తుల ఆపరేషనైంది. గది చల్లబడకూడదు, నిమోనియా వస్తే ఈసారి తట్టుకోలేడు అని చెప్పి మరీ ఇంటికి పంపాడు డాక్టరు. బాయిలర్ బాగుచేసేవాళ్లకి ఫోన్ చేస్తే జనవరి పంతొమ్మిదికి వస్తామన్నారు. ఇంకా డిసెంబరు కూడా అయిపోలేదు.

మూడో రోజు నోరీన్ మందులు తేవడానికి వెళ్లొచ్చేసరికి వంటగదిలో ఆ టోపీ. గోడకున్న ఎర్ర డబ్బా ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"రానిచ్చింది నువ్వేనా?" అంది క్లిఫర్డ్‌తో.

"వణికి చస్తున్నాను నోరీన్. దొంగైనా సరే, వెచ్చగా ఉంచితే చాలనుకున్నా."

ముసలాయన వాళ్ల మాటలు పట్టించుకోలేదు. సైకిల్ ట్యూబుకి ఉన్నట్టే ఆ డబ్బాకీ ఓ వాల్వుంది. దాని పిన్ను గోటితో నొక్కాడు.

"నీళ్లు రాలేదు. వచ్చుంటే లోపలి రబ్బరు చిరిగినట్టు, డబ్బా మార్చాల్సిందే. గాలీ రాలేదు. అంటే ఖాళీ."

"అయితే?" అన్నాడు క్లిఫర్డ్.

"నీళ్లు కాగితే ఉబ్బుతాయి కదా. ఆ ఉబ్బుకి చోటిచ్చేది ఈ గాలే. అది లేకపోయేసరికి నీళ్లు గొట్టంలోంచి వీధిలో పడుతున్నాయి. మీరు నింపుతున్నారు, అది పారబోస్తోంది."

బాయిలర్ ఆపేసి బకెట్‌లోకి నీళ్లు వదిలాడు. ముల్లు సున్నాకి దిగాక పంపు తగిలించి గాలి కొట్టాడు. కొడుతుంటే ఆయాసం వచ్చింది. ఆగి, మళ్లీ కొట్టాడు. చివరికి నీళ్లు నింపి ముల్లుని ఒకటి దగ్గర నిలబెట్టాడు.

"టీ తాగుతారా?" అన్నాడు క్లిఫర్డ్.

"వద్దండీ. ఈ ఇంట్లో వద్దు."

ఈ ఊళ్లో పనికొచ్చినవాడు టీ వద్దన్నట్టు ఎవరూ వినలేదు. నోరీన్ అనుమానం రెట్టింపైంది.

"అసలు నీకేం కావాలి?"

"ఆ గొట్టం కారకపోతే చాలమ్మా."

"ఊళ్లోవాళ్ల గొట్టాలు నీకెందుకు? అంత పొద్దుపోకపోతే ఇంటికెళ్లి పెళ్లాం పక్కన కూర్చో."

ముసలాయన పంపుని సంచిలో పెట్టుకున్నాడు. రెండుసార్లు ప్రయత్నిస్తే గానీ పట్టలేదు.

"ఒకటి రెండు రోజులు చుక్కలు పడొచ్చు. తర్వాత కూడా పడితే ఆ గొట్టం మొదట్లో ఉండే వాల్వ్ మార్పించండి," అని చెప్పి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున ముల్లు కదల్లేదు. ఆ మర్నాడూ కదల్లేదు. వారం తిరిగేసరికి క్లిఫర్డ్ దుప్పటి వదిలేసి, చేపలూ చిప్సూ ఏవని అడిగాడు.

నోరీన్‌కి సిగ్గేసింది. తను పెట్టిన మెసేజీ తీసేసింది. అల్లం కేకు చేసి గుడ్డ కప్పి ఉంచింది. ముసలాయన ఆ దారిన మళ్లీ రాలేదు.

ఊళ్లో అందరూ తెలిసినవాడు పోస్టుమాన్ డీన్. అతన్ని ఆపి అడిగింది.

"గోధుమరంగు టోపీ? డెరిక్ సట్‌క్లిఫ్ అయ్యుంటాడు. చర్చి వెనక ఉండేవాడు. నలభై ఏళ్లు బాయిలర్ల పనే చేశాడు. సోమవారం ఇల్లు ఖాళీ చేసి చెల్లెలి దగ్గరికి వెళ్లిపోయాడు. ఏ ఊరో నాక్కూడా చెప్పలేదు."

"నానా మాటలూ అన్నాను డీన్. అయినా మా గొట్టం మీద ఆయనకంత పట్టుదలేంటి?"

డీన్ ఉత్తరాల సంచిని ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకున్నాడు.

"మీరు రోజూ ఆస్పత్రికి తిరుగుతున్నప్పటి సంగతి. మీ బాధలో మీరున్నారని వీధిలో ఎవరూ మీ చెవిన వెయ్యలేదు."

"ఏ సంగతి?"

"మీ గొట్టం కింద గడ్డకట్టిన నీళ్ల మీద జారిపడి ఓ పెద్దావిడ చనిపోయింది; ఆవిడ ఆయన భార్య."