పందెం బండి ధర

"నిన్న గెలిచిన బండి తాళం ఇయ్యిరా మహిపాల్. రూల్ రూలే," అంటూ కిషన్ ఇరవై వేలు బల్ల మీద పెట్టాడు.

డబ్బున్నవాడే గెలవకూడదని శాలిబండ మెకానిక్కులు తమ బైకు పందేలకు పెట్టుకున్న షరతు అది. బండి మీద ఇరవై వేలు మించి ఖర్చు చేయకూడదు. గెలిచిన బండిని ఓడినవాళ్లు అడిగితే అదే ధరకు అమ్మేయాలి. ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు.

ఆ ఇంజన్ లోపలున్న జపాన్ సామానుకే మహిపాల్ ముప్పై వేలు పోశాడు. తనకు పానా పట్టడం నేర్పిన మనిషే ఇప్పుడు దొంగతనం బయటపెట్టడానికి వచ్చాడనుకున్నాడు.

"ఇంజన్ ఇప్పుతవా అన్నా?"

"ఎందుకు ఇప్పుత? దుకాణం ముందల పెడ్త. ఇరవై వేలల్ల గింత బండి చేసిండు నా శాగిర్దు అని అందరికి చూపిస్త." కిషన్ గొంతు తగ్గింది. "నేను గూడ గంతే పెట్టిన. అయినా మస్తు ఎనకబడ్డ. నా చేతులల్ల పని పోయిందిరా. ఇగ పందెం బండ్లు ముట్ట."

ఆ ముఖంలో ఎక్కడా అనుమానం లేదు. మహిపాల్ అదే తట్టుకోలేకపోయాడు. తాళానికి బదులు పానా తెచ్చి, తనే ఇంజన్ విప్పాడు.

"తప్పు చేసిన అన్నా. కొట్టు."

కిషన్ వంగి, మెరుస్తున్న జపాన్ పిస్టన్‌ను చాలాసేపు చూశాడు. తర్వాత గ్రీజు పట్టిన తన చేతులను తిప్పి తిప్పి చూసుకున్నాడు.

"అయితే నా చేతులు మంచిగనే ఉన్నయన్నట్టు," అని పసిపిల్లాడిలా నవ్వాడు.

మహిపాల్ ఆ నవ్వు వైపు చూడలేకపోయాడు.