ఏడో చెయ్యి

రెమెడియోస్ చెక్క నేలను కాలితో దబదబా తన్నింది. అదురు అరికాళ్లకు తగిలి ఆరుగురు సభ్యులూ ఆమె వైపు తిరిగారు.

"దొంగని చూడాలనుందా? అదిగో," అంటూ గోడ పక్కన నిలబడ్డ క్రిసాంటోని చూపించింది. "చూడండి, ఎంత బుద్ధిగా నిలబడ్డాడో!"

సంపలోక్ పేటలోని మా బధిర పట్టభద్రుల సంఘంలో మాటలన్నీ చేతులతోనే. తిట్లు కూడా అంతే. అందుకే ఒక తిట్టు తగిలిందంటే వారం దాకా కళ్ల ముందు ఆడుతుంది. ఒకప్పుడు ఈ గది దర్జీకొట్టు. వాళ్ల కాలంనాటి బెల్లు ఇంకా ఉంది. నొక్కితే మాకు తలుపు మీద లైటు వెలుగుతుంది, మోత మాత్రం పొరుగువాళ్లకి. దాన్ని పీకెయ్యమని వాళ్లు చీటీలు రాసి పంపిస్తారు. మేము వాటిని మడిచి ఊగే బల్ల కాలికింద పెడతాం.

గోడ నిండా ఫొటోలు. మా వాళ్లలో మొదటి ఇంజనీరు, మొదటి ఫొటోగ్రాఫరు, మొదటి బ్యాంకు ఉద్యోగి. అందరికన్నా పైన రెమెడియోస్, మా కాలేజీలో పాఠం చెప్పిన మొదటి చెవిటి మనిషి. ఇరవై రెండేళ్లు చెప్పి ఈ ఏడే దిగిపోయింది. ఆ ఉద్యోగం చెవిటివాళ్లకే ఇవ్వాలని నియమం. అతను చెవిటివాడేనని సంఘం ఉత్తరం ఇస్తే అది క్రిసాంటోది. టీచరు పరీక్ష మూడోసారికి గట్టెక్కాడు పాపం. ఉత్తరం రాకపోతే లాండ్రీలో హోటలు దుప్పట్లు పిండుకోవడమే.

కార్యదర్శి అమాదోకి ఈ పంచాయితీ సుతరామూ ఇష్టం లేదు. అందరికన్నా గంట ముందొచ్చి గది ఊడ్చాడు. ఫొటోలు తుడిచాడు. తలుపు మీద మాడిపోయిన బల్బు విప్పి, షాపులో సైజు చూపించాలని సంచిలో వేసుకున్నాడు. కుర్చీలు సర్దేలోపే జనం వచ్చేశారు. వాన జల్లు కొడుతోందని తలుపేసి కూర్చున్నారు.

"నేనేం దొంగతనం చేశానక్కా?" అన్నాడు క్రిసాంటో.

"ఇంకేం, చెవిటితనమే. శుక్రవారం కియాపో సందులో నీ వెనక జీప్నీ బండి హారన్ కొట్టింది. గభాల్న పక్కకి దూకావు. నా కళ్లతో చూశాను."

"ఎదురుగా అద్దాల షాపుంది. అద్దంలో జీప్నీ కనపడింది. తప్పుకోకుండా దాని కింద పడమంటావా?"

"అద్దమట! బానే అల్లావు."

"డాక్టరు కాగితం ఇచ్చానుగా. రెండు చెవులూ పనిచెయ్యవని రాశాడు."

"కాగితానిదేముంది? ఎవడైనా తెచ్చుకుంటాడు."

ముందు కుర్చీలోని పురీతా ఆగలేకపోయింది. "కుర్రాణ్ని అలా పీక్కుతినకే రెమెడియోస్. వాణ్ని చిన్నప్పట్నుంచీ ఎరుగుదును."

"నీకు జాలెక్కువ, బుర్ర తక్కువ. చెవులున్నవాడు ఒక్కసారి మన కుర్చీలో కూర్చున్నాడంటే, పక్కనున్న చెవిటివాడు జీవితమంతా నిలబడాల్సిందే. తెలుసా నీకు?"

ఆ మాటకి ఇద్దరు తలలూపారు. క్రిసాంటో గది మధ్యకొచ్చాడు.

"మా అమ్మ పోయిన రాత్రి నేను పక్కగదిలోనే ఉన్నాను. గంటసేపు నన్ను పిలిచిందట. పొద్దున పక్కింటివాళ్లు కాగితం మీద రాసి చూపించారు. నాకు చెవులే ఉంటే..."

ఎవరూ రెప్ప వెయ్యలేదు. అందరి కళ్లూ అతని వేళ్ల మీదే. సరిగ్గా అప్పుడే రెమెడియోస్ లేచి, అతనికి వీపు చూపించి తలుపు దగ్గరికి వెళ్లిపోయింది. క్రిసాంటో చేతులు గాల్లోనే ఆగిపోయాయి. మాలో ఒకరు చెబుతుంటే వీపు తిప్పడమంటే మొహాన ఉమ్మడమే. అంత పెద్దమనిషి అంత పని చేస్తుందని ఎవరూ అనుకోలేదు.

ఆమె పాన్సిత్ నూడుల్స్ పొట్లాలతో తిరిగొచ్చి బల్ల మీద పడేసింది.

"హోటలు మనిషి బెల్లు నొక్కి తడుస్తూ నిలబడ్డాడు. లైటు వెలిగితే చూసుకోరూ? కళ్లెక్కడ పెట్టుకున్నారు?"

"మా అమ్మ చావు చెబుతుంటే నూడుల్స్ కోసం లేచిపోతావా అక్కా?"

"నేను నాటకం చూడ్డానికి రాలేదు."

పురీతా తన పొట్లాన్ని దూరంగా తోసేసింది. మిగతావాళ్లు తలొంచుకుని తిన్నారు.

"ఉత్తరం ఇవ్వకూడదనేవాళ్లు చెయ్యెత్తండి," అంది రెమెడియోస్.

మూడు చేతులు లేచాయి, ఆమెది కలుపుకుని. పురీతా, ఇంకో ఇద్దరు చేతులు కట్టుకుని కూర్చున్నారు. మిగిలింది అమాదో ఒక్కడే.

"ఏంట్రా ఆలోచిస్తున్నావు? క్లాసులో వెనక బెంచీ నుంచి నిన్ను ముందుకి లాక్కొచ్చింది ఎవరు? డిగ్రీ చేతికొచ్చేదాకా నీ వెంటపడింది ఎవరు?"

నిజమే. ఆమే. అమాదో క్రిసాంటో వైపు చూడకుండా చెయ్యెత్తాడు. సిగ్గుతో చచ్చిపోయాడు, అయినా ఎత్తాడు.

"నన్ను చూసి ఎత్తాల్సింది అన్నా," అన్నాడు క్రిసాంటో. "సర్లే, కుదరదన్న కాగితమేదో ఇచ్చెయ్. పోతాను."

ఆ కాగితం రెమెడియోస్ ఇంటి దగ్గరే రాసి తెచ్చింది. 'ఇతను బధిరుడని సంఘం నమ్మడం లేదు.' దాన్ని అమాదో ముందుకు తోసి, వేలితో బల్ల మీద పొడిచింది.

"ముద్ర వెయ్యి."

అమాదో ముద్ర కోసం సంచిలో చెయ్యి పెట్టి తడిమాడు. వేళ్లకి గుండ్రటి గాజు తగిలింది.

తలుపు మీది బల్బు ఇంకా సంచిలోనే ఉంది.